వదిన వేయని ముల్లు

ఇవాళ వదినకు పనేమీ లేదు, అదే పెద్ద చిక్కు. పని ఉంటే చేయి పనిలో ఉంటుంది, బుద్ధి చేతి వెంట ఉంటుంది. చేయి ఖాళీ అయ్యేసరికి బుద్ధి తాడు తెంచుకున్న దూడలా ఎటు పడితే అటు పోతుంది. అద్దం గోడకు అవతల పెద్ద గదిలో ఎవరి తెరల ముందు వాళ్లు కూర్చున్నారు, ఒక్కరూ మాట్లాడడం లేదు, ఎవరో గొంతు సవరించుకుంటే అది కూడా హెడ్‌ఫోన్‌లోకి వచ్చి పడుతోంది. ఇవతల ఈ వెనక గదిలో ఆమె, మూలుగుతున్న ఏసీ, ఒక కాలు పొట్టిదైన బల్ల, ఆ కాలి కింద మడిచిపెట్టిన అట్టముక్క, తాగడం మరిచిపోయిన కాఫీ. పైనున్న ఇద్దరూ కాసేపటి క్రితమే చంద్రుడి వెనక్కి వెళ్లిపోయారు. అటు వెళ్తే మాట రాదు, అంకె రాదు, బతికున్నారన్న కబురు కూడా రాదు. అంత రాయి అడ్డం మరి. ఆ వెనకాలే ఇంజన్ ఒకసారి వెలిగించుకుని, కిందికి జారడం మొదలుపెట్టి, అంచు దాటి ఇటు కనబడాలి. కనబడితే ఇక దిగడమే. తాతల కాలంలో మనుషులు అక్కడికి వెళ్లి, నాలుగు రాళ్లు ఏరుకుని, తలుపు దగ్గరగా వేసి వచ్చేశారు. మళ్లీ ఆ తలుపు తోసేది ఇవాళే. ఆ ఇద్దరిలో ఒకాయన కెప్టెన్. ఓడను దించాల్సిన రెండో మనిషి వదినకు స్వయానా ఆడపడుచు.

జీతం చీటీ మీద ఆమెకు ఇంకో పేరుంది కానీ, ఈ భవనంలో అది ఎవరికీ గుర్తులేదు. శిక్షణ మొదలైన కొత్తలో ఒకరోజు, అందరూ వింటున్న లైన్ మీద, "వదినా, ఇది మరీ అన్యాయం!" అని ఆడపడుచు పెట్టిన కేకకు ఆ పేరు కొట్టుకుపోయింది. మర్నాటి నుంచి వంటగది మనిషి మొదలుకుని ఈ ప్రయాణానికంతటికీ ఆఖరి మాట చెప్పే పెద్దాయన దాకా అందరికీ ఆమె వదినే. చాటున మాత్రం ఇంకో పేరుంది, శనమ్మ. అదీ ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా. ఆమె చేసే పని అలాంటిది. నేల మీద కదలకుండా ఉండే నకిలీ కేబిన్‌లో వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి, కిటికీలో బొమ్మ చంద్రుణ్ణి చూపించి, వాళ్లు దిగుతుంటే ఎక్కడో ఒకచోట ముల్లు వేయడం. పంపు ఆగిపోతుంది, లేకపోతే ఎర్రదీపం ఊరికే వెలుగుతుంది, లేకపోతే ఏదో ఒక అంకె అబద్ధం చెబుతుంది. హమ్మయ్య అని వాళ్లు ఊపిరి పీల్చుకునే సమయం చూసి వేలు ఇలా కదిలిస్తే చాలు. పట్టుకుంటే దిగుతారు, పట్టుకోలేకపోతే చస్తారు, చచ్చాక వచ్చి కాఫీ తాగుతారు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, వదినల్ని కాల్చుకుతిన్న ఆడపడుచుల కథలు ఎక్కడైనా వినబడతాయి. జీతం తీసుకుని మరీ ఆడపడుచును కాల్చుకుతిన్న వదిన మాత్రం ఈమె ఒక్కతే అయివుంటుంది. "ఇవాళ మా చెల్లెల్ని ఎన్నిసార్లు చంపావు?" అని మొగుడు భోజనాల దగ్గర అడిగేవాడు. "రెండుసార్లే, తలనొప్పిగా ఉంది" అనేది ఆమె. బతికినా చచ్చినా ఆటకు ముగింపు మాత్రం ఒక్కటే. మోత ఆగిపోయినా, లైట్లు వెలిగినా, వదిన గొంతు చెవిన పడేదాకా వాళ్లు సీట్లోంచి లేవకూడదు, చేతులు పిడుల మీంచి తీయకూడదు, ఎందుకంటే అంతా అయిందనుకున్న చోట కూడా ఆవిడ ముల్లు వేసిన రోజులున్నాయి. అయిపోయింది, బయటికి రండి. ఆ మాట పడితేనే తలుపు తీసుకుని, చెమటలు తుడుచుకుంటూ, మంచినీళ్ల డబ్బా ఉన్న వరండాలోకి వచ్చేవాళ్లు.

టకటకటక. ఏమిటా చప్పుడు? తన వేలే. కుడిచేతి చూపుడువేలు బల్ల మూల మీద దానంతటది కొట్టుకుంటోంది, అక్కడ మీట ఉన్నట్టు. వదిన ఆ చేతిని తీసి తొడ కింద పెట్టుకుంది. ఉండవే అక్కడ, ఇవాళ నీకు సెలవు. అవతలి గదిలో పెద్దాయన లేచి నిలబడ్డాడు, మళ్లీ కూర్చున్నాడు, కాలుగాలిన పిల్లిలా ఆయనొక్కడే తిరుగుతున్నాడు, ఆయన్ని చూసి ఇంకెవరూ కదలకుండా ఉన్నారు. వెనకాల ఇంజన్ వెలిగిందా? వెలిగే ఉంటుంది. వెలగకపోతే ఏం చేయాలో టెంకకు తెలుసు. ఆ ముల్లు ఎన్నిసార్లు వేయలేదూ! టెంక అంటే ఆడపడుచే. ఎంత కొట్టినా పగలదని చిన్నప్పుడే అన్నయ్య పెట్టిన పేరు. వదిన పెళ్లయి వచ్చిన కొత్తలో ఆమె అలారం గడియారాన్ని ముక్కలు ముక్కలుగా విప్పేసింది ఆ పిల్ల, బడికి వెళ్లే వయసు. విప్పి మళ్లీ బిగించింది. గడియారం నడిచింది, మోగాల్సిన వేళకు మోగింది కూడా, కానీ చేతిలో ఒక చిన్న మర మిగిలిపోయింది. పిల్ల నిద్రపోతేనా! "నడుస్తోంది కదే, పడుకో" అంటే, "ఇది లేకుండా ఎలా నడుస్తోంది వదినా? నడుస్తోందని ఎలా నమ్మడం?" అని మరను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. అంటే బాగా నడిచేదాన్ని నమ్మకపోవడం దానికి పుట్టుకతోనే ఉందన్నమాట, నేను నేర్పింది కాదు. అబ్బా, ఎంత బాగా తప్పుకుంటున్నావమ్మా వదినా. మొక్క దానిదే, నీళ్లు పోసింది ఎవరు?

నీళ్లు ఈమే పోసింది. తన మనిషని మెత్తగా చూసిందన్న మాట పడకూడదని మిగతావాళ్లకు ఒక ముల్లు వేస్తే టెంకకు రెండు వేసింది. అయినవాళ్లకు ఆకుల్లో, కానివాళ్లకు కంచాల్లో. టెంక ఒక్కరోజు కూడా ముఖం చిట్లించలేదు, పైగా రెండోది పట్టుకున్నప్పుడు "ఇంకా ఉందా, సంచి ఖాళీయేనా?" అని లైన్ మీదే వెక్కిరించేది. అలాంటిది ఆఖరి ఆట దగ్గర అంతా తిరగబడింది. ఈ పనిలో ఆమెకు గురువైన పాత మాస్టారు ఒక పద్ధతి పెట్టిపోయాడు, ప్రయాణానికి ముందు ఆఖరిసారి ఆడే ఆటలో ముల్లు వేయకూడదు. "బయల్దేరేవాళ్ల నోట్లో చేదు పెట్టి పంపకూడదమ్మా, చివరి ముద్ద తియ్యగా ఉండాలి" అనేవాడు. ఈ సంగతి అందరికీ తెలుసు. టెంకకూ తెలుసు, తెలిసే నమ్మలేదు: వదిన ఎవరికైనా తియ్యటి ముద్ద పెడుతుందేమోగానీ నాకు పెడుతుందా? వదిన ఆరోజు నిజంగా చేతులు కట్టుకుని కూర్చుంది. ఓడ హాయిగా దిగుతోంది, ఏ దీపమూ వెలగలేదు, ఏ అంకే తప్పలేదు. ఆ వెలగకపోవడంతోనే టెంకకు ముచ్చెమటలు పట్టడం తెర మీద కనిపిస్తూనే ఉంది. దిగే దారిలో ఒక పెద్ద గుంట ఉంది, అసలు చంద్రుడి మీద ఉన్నదే, ఫొటోలు చూసి గీసినది. దాని మీదుగా పోతున్నప్పుడు కింద నేల లోతుకు పోతుంది కనక ఎత్తు చెప్పే రాడార్ అంకె ఒక్కసారిగా పెరుగుతుంది. పెరగాలి. టెంక అంతకుముందు ఎన్నోసార్లు చూసిందే. కానీ ఆరోజు అంకె అలా ఎగరగానే, "ఇదిగో, దొరికింది!" అంది. రాడార్‌ను ఆపేసింది. అది పోగానే కంప్యూటర్ మీద అనుమానం, కంప్యూటర్ మీంచి ఇంధనం మీద అనుమానం. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా. కెప్టెన్ ఏదో అంటూనే ఉన్నాడు, టెంక చేయి ఎర్ర పిడి మీదికి వెళ్లిపోయింది. దిగడం మానేసి పైకి పారిపోవడానికి లాగే పిడి అది. లాగేసింది.

"ఏం వేశావు వదినా?" చీకటి కేబిన్‌లోంచి టెంక గొంతు.

"ఏమీ వేయలేదే."

"నిజం చెప్పు. రాడారేనా?"

"నీ మీద ఒట్టు. ఏమీ వేయలేదు."

కెప్టెనే ముందుగా, "అయితే మనం ఉత్తపుణ్యానికి ఓడిపోయామా?" అన్నాడు, నవ్వబోయి. టెంక నవ్వలేదు. "నువ్వు ఇన్నాళ్లూ చేసినవాటన్నిటిలోకీ ఇదే పెద్ద దుర్మార్గం వదినా" అంది, నెమ్మదిగా, పిల్లప్పుడు మర పట్టుకు కూర్చున్న గొంతుతో. ఆట చివర చెప్పాల్సిన మాట వదిన చెప్పనే లేదు. వాళ్లిద్దరూ ఆ చీకట్లో అలాగే కూర్చుండిపోతే, చివరికి ఎవరో టెక్నీషియన్ వెళ్లి బయటినుంచి తలుపు తీశాడు. గంట తిరక్కముందే పెద్దాయన ఈ గదికే వచ్చాడు, ఇదే కుర్చీ పక్కన నిలబడ్డాడు, తలుపు మూసి ఒకే ఒక ముక్క అడిగాడు. పంపొచ్చా వదినగారూ? బదులు పైలట్ సిద్ధంగా ఉన్నాడు, మంచివాడు, నెమ్మదైనవాడు. విడవమంటే పాముకు కోపం, కరవమంటే కప్పకు కోపం. వద్దంటే ఆడపడుచు కనక ఓర్వలేక వద్దంది అంటారు, సరే అంటే ఆడపడుచు కనకే సరే అంది అంటారు. ఎవరో ఏదో అంటారని భయపడి భయపడే కదా పిల్లను ఇంతదాకా తెచ్చావు, ఇంకా ఎవరి మాటలు లెక్కపెడతావు? అప్పుడామెకు కారు గుర్తొచ్చింది. టెంకకు డ్రైవింగు నేర్పింది ఆమే. మొదటిరోజు వెనక్కి తీస్తూ పొరుగింటి గేటును గుద్దింది. మళ్లీ ఎప్పుడూ ఆ గేటును గుద్దలేదు; మర్నాడు గోడను గుద్దింది. గోడను మళ్లీ గుద్దలేదు. "పంపండి" అంది వదిన. ఎందుకని అడిగాడాయన. "ఒకసారి చేసిన తప్పు అది రెండోసారి చేయదండీ. చేయగలిగిన తప్పులన్నీ నా దగ్గరే చేసేసింది. ఇదొక్కటే మిగిలింది, ఇదీ చేసేసింది." ఆయన నవ్వలేదు, ఆమె ముఖంలోకి కాసేపు చూసి, సరే అన్నాడు.

అలా ఒక్క మాట మీద వెళ్లింది పిల్ల. ఇప్పుడు పైన ఏ లోపమూ లేకపోతేనే భయం. చూడు ఎంత విచిత్రమో, లోకమంతా ఓడ బాగుండాలని కోరుకుంటోంది, బాగున్నదాన్ని అది నమ్ముతుందా అని నేనొక్కదాన్నే ఇక్కడ వేళ్లు తొడ కింద పెట్టుకుని కూర్చున్నా. ఉత్తపుణ్యానికి ఆ పిడి లాగితే ప్రాణాలు దక్కుతాయి, అది నిజం. ఇన్నేళ్ల పని దక్కదు. అంతకన్నా టెంక దక్కదు, ఇంటికొచ్చి మన మధ్యే తిరుగుతుంది, నవ్వుతుంది, కానీ బతికినన్నాళ్లూ ఆ గుంట దగ్గరే ఉండిపోతుంది. ఈయనకు అదంతా తెలుసు, తెలిసీ అడగడు. ఈయనంటే మొగుడు, కళ్లజోళ్ల షాపు. ఇవాళ షాపు మూసి టీవీ ముందు కూర్చోవచ్చుగా అంటే, "నా చెల్లెలు చంద్రుడి మీద దిగుతోందని జనానికి చత్వారం రావడం ఆగుతుందా?" అన్నాడు. ఈపాటికి ఎవరి ముక్కు మీదో ఫ్రేము సరిచేస్తూ, చేయి వణక్కుండా, ఒక చెవి మాత్రం పక్క కొట్టు రేడియో వైపు పారేసి ఉంటాడు. బయల్దేరే ముందు క్రిములు అంటకుండా వాళ్లను గాజు గోడ వెనక ఉంచినప్పుడు మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసే చూడడానికి వెళ్లారు. ఈయన గాజు మీద మరక ఉందని జేబురుమాలుతో తుడిచాడు, అది లోపలివైపు మరక, పోతుందా, టెంక అటునుంచి వేలితో తుడిచింది. తర్వాత వదిన వైపు తిరిగి, ఫోన్‌లో, నవ్వుతున్నట్టే, "పైన ఏమీ వేయలేదు కదా?" అంది. నవ్వు కాదది. వదిన కూడా నవ్వకుండానే చెప్పింది. "పైన నా చేయి అందదే. అక్కడ వదినలు లేరు. ఆ నేలకు నీ మీద కోపం లేదు, ప్రేమా లేదు, నువ్వెవరో కూడా దానికి తెలీదు. గుంట ఉంటే గుంటే. అంతే." టెంక గాజుకు నుదురు ఆనించింది, ఎంతసేపో. వదిన కూడా ఆనించింది. గాజు చల్లగా ఉంది, మధ్యలో ఇంకా కొంచెం మరక ఉంది.

హెడ్‌ఫోన్‌లో గరగర. అవతల అందరి వీపులూ ఒక్కసారి నిటారయ్యాయి. పైవాళ్లతో మాట్లాడేది ఆ గదిలో ఒక్కడే, మాట మనిషి అంటారతన్ని, అతను పిలిచాడు, మళ్లీ పిలిచాడు. అప్పుడు కెప్టెన్ గొంతు, పక్కింట్లోంచి పలకరించినట్టు: ఇంజన్ బాగా వెలిగింది, వస్తున్నాం. అమ్మయ్య. తెరల మీద అంకెలు వర్షంలా దిగుతున్నాయి. వదిన వాటిని చదవక్కర్లేదు, ఏ అంకె తర్వాత ఏది రావాలో ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇక్కడ పంపు ఆపేదాన్ని, ఇక్కడ దీపం, ఇక్కడ చివరిసారి వాళ్లను చంపిన చోటు. ఒక్కొక్క చోటూ ఏమీ జరక్కుండా దాటిపోతోంది. దీపం లేదు. పంపు తిరుగుతోంది. ఇప్పుడు అంకెలు పలికేది టెంక, గొంతులో తడి లేదు, తొందర లేదు. మరీ బాగుంది. మరీ బాగుందని దానికీ తెలుస్తూ ఉంటుంది, అక్కడ ఆ సీట్లో, అరచేతిలో మర పెట్టుకున్నట్టు. వదిన రెండో చేతిని కూడా తొడ కింద పెట్టుకుంది. గుంట వస్తోంది. అదిగో.

"ఎత్తు పెరిగింది" అంది టెంక.

తర్వాత ఏమీ లేదు. మాట అక్కణ్ణుంచి రావడానికి పట్టే కాస్త సమయమే, కానీ ఆ కాస్తలో వదినకు గేటు, గోడ, గడియారం, గాజు మీద నుదురు, అన్నీ కనిపించాయి. అది గుంటే తల్లీ, గుంటే. నేను లేనే అక్కడ. నన్ను వెతక్కు.

"కింద గుంట" అంది టెంక. "లెక్క సరిగ్గానే ఉంది. దిగుతున్నాం."

వదిన కళ్లు మూసుకుంది. ఇక చూడక్కర్లేదనిపించింది, చూడకుండానే అంతా తెలుస్తోంది, ఎత్తు తగ్గడం, దుమ్ము లేవడం, కెప్టెన్ "కుడికి, ఇంకొంచెం" అనడం, ఆ తర్వాత ఒక చిన్న దెబ్బ, ఇంజన్ మోత పోయి వచ్చిన ఖాళీ. అవతలి గది ఒక్కసారి పగిలినట్టు అరుపులు. ఎవరో ఎవరినో కావిలించుకుంటున్నారు, ఎవరి కుర్చీయో పడిపోయింది. కెప్టెన్ చెప్పాల్సిన పెద్దమాట చెప్పాడు, దేశాలకూ పిల్లలకూ అందరికీ చెప్పాల్సింది. వదినకు అది వినపడలేదు, ఆమె ముక్కు చీదుకుంటోంది. మాట మనిషి ఇక్కడినుంచి అభినందనలు చెప్పాడు, తర్వాత చేయాల్సిన పనులు ఒక్కొక్కటీ చదవబోయాడు. పైనుంచి జవాబు లేదు. మళ్లీ చదివాడు. అరుపులు సగంలో ఆగిపోయాయి.

కెప్టెన్ గొంతు వచ్చింది, అందులో నవ్వు దాగడం లేదు. "ఇక్కడ చిన్న ఇబ్బందండీ. మా పైలట్ ఎర్ర పిడి మీంచి చేయి తీయనంటోంది. పోయినసారి ఆట ఇంకా అయిపోలేదట. ఒకావిడ చెప్పలేదట."

పెద్దాయన తిరిగి అద్దంలోంచి ఇటు చూశాడు. ఆ లైన్ మీద పైవాళ్లతో మాట మనిషి తప్ప ఇంకెవరూ మాట్లాడకూడదన్న నియమం పెట్టిందే ఆయన. ఆయనే వచ్చి వెనక గది తలుపు తీసి, "రండి వదినగారూ, ఆ మాటేదో చెప్పండి, పిల్ల చేయి నొప్పి పుడుతుంది" అన్నాడు. వదిన తొడ కిందినుంచి చేతులు తీసింది. రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి, మైకు మీట నొక్కడానికి వేలు లేవలేదు, మాట మనిషే నొక్కి పట్టుకున్నాడు. ఏం చెప్పాలో ఎప్పటినుంచో నోట్లోనే ఉంది.

"టెంకా."

మాట వెళ్లింది. వచ్చింది.

"ఊఁ, వదినా."

"అయిపోయిందే. బయటికి రండి."